మూడు పోర్టులున్న కార్డు, రెండే వెలిగిన మానిటర్లు

మాది ఖమ్మం. చిన్న ట్యాక్స్ ఆఫీసు నడుపుతాను. మిర్చి కమీషన్ దుకాణాలు, గ్రానైట్ కటింగ్ యూనిట్లు, నాలుగైదు మందుల షాపులు నా పార్టీలు. 2021 దాకా ఒక్క మానిటర్‌తోనే లాక్కొచ్చాను. 2022 జనవరి నుంచి రూలు బిగిసింది. కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ క్రెడిట్‌గా రావాలంటే, అమ్మినవాడు ఆ బిల్లు అప్‌లోడ్ చేయాలి, అది మన జీఎస్టీఆర్-2బీలో, అంటే పోర్టల్ నెలనెలా ఇచ్చే కొనుగోళ్ల జాబితాలో కనపడాలి. కనపడకపోతే క్రెడిట్ లేనట్టే. 2బీ వచ్చేది నెలలో 14న. నెల రిటర్ను, అంటే 3బీ, వేయాల్సింది 20లోపు. ఈ ఆరు రోజుల్లో ప్రతి పార్టీ కొనుగోళ్లనూ 2బీతో బిల్లు బిల్లుకూ సరిచూడాలి. ఒక పక్క ట్యాలీ, ఇంకో పక్క ఎక్సెల్, మరో పక్క దుకాణం వాళ్లు వాట్సాప్‌లో పంపిన బిల్లు ఫొటో. ఒకే తెర మీద ఆల్ట్ ట్యాబ్ కొట్టి కొట్టి, అక్కడ చూసిన బిల్లు నంబరు ఇక్కడికి వచ్చేసరికి మరిచిపోయేదాన్ని.

నా సిస్టమ్ అసెంబుల్డ్. ఆరో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్110 మదర్‌బోర్డు. వెనకాల మానిటర్ తగిలించే పోర్టులు రెండు, వీజీఏ ఒకటి, హెచ్‌డీఎంఐ ఒకటి. పాత పద్దెనిమిదిన్నర అంగుళాల మానిటర్‌కి వీజీఏ తప్ప ఇంకేమీ లేదు, అది దానికి. కొత్తగా ఒక 22 అంగుళాలది కొని హెచ్‌డీఎంఐకి తగిలించాను. రెండూ మొదటిసారే వెలిగాయి. ఆ సుఖం రెండు నెలలు.

మూడోది కొన్నాక మొదలైంది కథ. ఏదో కంపెనీ ఖాళీ చేసిన ఆఫీసు మానిటర్లని ఊళ్లో ఒకాయన తెచ్చి అమ్ముతుంటే, 3,500కి ఒకటి తెచ్చుకున్నాను. గాజులా ఉంది తెర. ఇంటికి తెచ్చాక వెనక్కి తిప్పి చూస్తే వీజీఏ, డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉన్నాయి. హెచ్‌డీఎంఐ లేదు. ఆఫీసుల నుంచి వచ్చే మానిటర్లు చాలావరకు ఇంతేనని తర్వాత తెలిసింది.

మా తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. వాడికి ఫోన్ చేసి, మూడోది ఎక్కడ గుచ్చాలిరా అని అడిగాను. "అక్కా, మా ఆఫీసులో అవన్నీ సపోర్ట్ వాళ్లు చూస్తారు, నేను కూర్చుంటాను అంతే" అన్నాడు. నిజాయితీ గల సమాధానమే.

బజారులో అడిగితే వై కేబుల్ ఇచ్చారు, 250 రూపాయలు. వీజీఏ ఒక వైపు ఒకటి, రెండో వైపు రెండు. తగిలించాను. రెండు మానిటర్లూ వెలిగాయి, కానీ రెండింటిలోనూ అదే బొమ్మ, పైగా రెండూ కాస్త వెలిసిపోయి. వై కేబుల్ ఉన్న సిగ్నల్‌ని పంచుతుందే తప్ప కొత్త తెరను పుట్టించదు. హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ డబ్బా కూడా అంతే, కాకపోతే దానికి కరెంటు ఉంటుంది కాబట్టి బొమ్మ వెలవదు. షోరూముల్లో నాలుగు టీవీల మీద ఒకే యాడ్ వేయడానికి పనికొస్తుంది. నా 2బీకి పనికిరాదు.

దాంతో గ్రాఫిక్స్ కార్డు అన్నారు. అదే దుకాణంలో చెప్పాను: "గేములు ఆడను, వీడియోలు ఎడిట్ చేయను, మూడు మానిటర్లు వెలిగితే చాలు." ఆయన లోపలికెళ్లి ఒక పెట్టె తెచ్చాడు. ఎన్విడియా జీటీ 610, 2 జీబీ. 2,300. "మూడు పోర్టులున్నాయి మేడమ్, మూడు మానిటర్లు" అని వేలుతో చూపించాడు. నిజంగానే మూడున్నాయి, వీజీఏ, డీవీఐ, హెచ్‌డీఎంఐ. నేను కూడా లెక్కపెట్టాను. మూడే. ఇద్దరం లెక్కపెట్టింది తప్పు వస్తువునని నాకు తెలిసేసరికి వారం పట్టింది.

బిగించడం మాత్రం నేను భయపడ్డంత కష్టం కాదు. వైరు పీకి, పవర్ బటన్ నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకుని, సైడు డోరు తీశాను. లోపల దుమ్ము చూసి కాసేపు సిగ్గుపడ్డాను. బ్రష్‌తో దులిపి, వెనకాల రేకు పట్టీ ఒకటి తీసేసి, కార్డును పొడుగు స్లాట్‌లో పెట్టి నొక్కితే చివర క్లిప్ టక్కున పడింది. స్క్రూ బిగించాను. దీనికి వేరే కరెంటు వైరు అక్కర్లేదు. కార్డు తినేది 29 వాట్లే, స్లాటు 75 దాకా ఇవ్వగలదు. పాత పవర్ సప్లై తట్టుకుంటుందా అన్న బెంగ అక్కడితో తీరింది.

ఆన్ చేశాను. ఏమీ రాలేదు. ఫ్యాను తిరుగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, రెండు మానిటర్లూ నల్లగా ఉన్నాయి. మూడోది వస్తుందని కూర్చుంటే ఉన్న రెండూ పోయాయి. ఆ రోజు తారీకు 16. గుండెలో రాయి పడింది.

పావుగంట తర్వాత అర్థమైంది. స్లాట్‌లో కార్డు కనపడగానే చాలా మదర్‌బోర్డులు తమ సొంత వీడియోను మూసేస్తాయి. నా కేబుళ్లు ఇంకా బోర్డుకే ఉన్నాయి. పాతదాని వీజీఏను కార్డు వీజీఏకి మార్చగానే మామూలు తెర వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను.

ఇప్పుడు కార్డు మీద మూడు పోర్టులు, టేబుల్ మీద మూడు మానిటర్లు. పెళ్లిచూపుల్లా జతలు కలపాలి. వీజీఏకి పాతది ఒదిగిపోయింది. ఆఫీసు మానిటర్‌కి వీజీఏ ఉంది కదా అని, ఇంట్లో ఉన్న డీవీఐ నుంచి వీజీఏ చేసే చిన్న ముక్క తీశాను. అది కార్డులోకి దిగలేదు. బలం ఉపయోగించబోయి ఆగాను, మంచిదైంది. ఆ ముక్కకి అడ్డంగా ఉన్న బద్దపిన్ను చుట్టూ నాలుగు చిన్న పిన్నులున్నాయి. కార్డు మీద ఆ నాలుగు చిల్లులూ లేవు. ఆ నాలుగూ లేనిదే వీజీఏ సిగ్నల్ నడవదు. చిల్లులుంటే అది డీవీఐ-ఐ, లేకపోతే డీవీఐ-డి. డీవీఐ-డి నుంచి వీజీఏ కావాలంటే ఒట్టి ముక్క సరిపోదు, లోపల చిప్పున్న కన్వర్టర్ కావాలి.

సరేనని 22 అంగుళాలదాన్ని డీవీఐకి మార్చాను. డీవీఐ నుంచి హెచ్‌డీఎంఐకి ఏ చిప్పూ అక్కర్లేదు, బొమ్మ వరకు రెండూ ఒకే రకం సిగ్నల్, మామూలు కేబుల్ చాలు. మిగిలింది కార్డు హెచ్‌డీఎంఐ, ఆఫీసు మానిటర్ డిస్‌ప్లేపోర్ట్. ఒక చివర ఇది, ఒక చివర అది ఉన్న కేబుల్ దొరికింది, 400. గుచ్చాను. చీకటి.

రెండు రోజులు ఆ కేబుల్‌తోనే కుస్తీ. తిప్పి పెడదామంటే అటువైపు ఇటు దూరదు. చివరికి ప్యాకెట్ పారేయకుండా ఉంచాను కాబట్టి చదివితే, అట్ట మీద చిన్న బాణం గుర్తు ఉంది. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి. అంటే కంప్యూటర్ వైపు డిస్‌ప్లేపోర్ట్, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ ఉండాలి. నాది తిరగేసి. నీళ్ల పైపులా అటూ ఇటూ పారుతుందనుకున్నాను, ఇది వన్‌వే రోడ్డు. డిస్‌ప్లేపోర్ట్ ఉన్న కార్డులు అవసరమైతే హెచ్‌డీఎంఐ భాష కూడా మాట్లాడతాయి, అందుకని ఆ కేబుల్ చవగ్గా పనిచేస్తుంది. హెచ్‌డీఎంఐకి డిస్‌ప్లేపోర్ట్ భాష రాదు. అటు నుంచి ఇటు కావాలంటే యూఎస్‌బీ కరెంటుతో నడిచే కన్వర్టర్ వేరే ఉంది, అది ఖరీదు.

అప్పుడు హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏ చేసే చిన్న కన్వర్టర్ తెచ్చాను, 300. దాంట్లో చిప్పు ఉంటుంది. దాన్ని ఆఫీసు మానిటర్ వీజీఏకి కలిపాను. ఈసారి తప్పకుండా వస్తుందనుకున్నాను. అదే చీకటి.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఒక తప్పు దిద్దితే తెర వెలగాలి. వెలగలేదంటే దిద్దింది తప్పేమో అనిపిస్తుంది. కన్వర్టర్ పాడైందేమో, మానిటర్ పాతది కదా అదే పోయిందేమో అని ఒక్కో వస్తువు మీదా అనుమానం. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో చూస్తే 1, 2, 3 అని మూడు డబ్బాలూ ఉన్నాయి. మూడోదాన్ని ఎక్స్‌టెండ్ చేయమంటే సెట్టింగ్స్ సేవ్ చేయలేకపోయానంటుంది.

విసుగొచ్చి పాత మానిటర్ వీజీఏ పీకేశాను. ఆఫీసు మానిటర్ టక్కున వెలిగింది! పాతది మళ్లీ పెట్టి 22 అంగుళాలది పీకాను. మిగిలిన రెండూ బాగానే ఉన్నాయి. మూడిట్లో ఏ రెండైనా వెలుగుతాయి, మూడూ కలిసి వెలగవు. అంటే మానిటర్లూ కేబుళ్లూ బంగారంలా ఉన్నాయి, లెక్క ఇంకెక్కడో తప్పుతోంది.

ఆ రాత్రి తమ్ముడు తన ఆఫీసు సపోర్ట్ అతన్ని లైన్లో కలిపాడు. కార్డు పేరు చెప్పగానే అతను నవ్వేశాడు. "అది ఫెర్మీ కాలంది మేడమ్. ఎన్ని పోర్టులున్నా ఒకేసారి రెండే." నాకు అర్థమైన భాషలో చెబుతాను. ఇంటికి మూడు గుమ్మాలున్నాయి, లోపల మనుషులు మాత్రం ఇద్దరే. ఒకేసారి రెండు గుమ్మాల్లోనే నిలబడగలరు. ఒక్కో తెరకు బొమ్మను వరసగా అందించే యంత్రాంగం చిప్‌లో ఉంటుంది, ఎన్విడియా వాళ్ల ఫెర్మీ తరం చిప్పుల్లో అలాంటివి రెండే. జీటీ 610 వచ్చింది 2012లో, దానికి ముందు తరంది, 2009లో వచ్చిన జీఫోర్స్ 210 కూడా అంతే. ఫెర్మీ తర్వాతి కెప్లర్ తరం నుంచి చిప్ నాలుగింటి దాకా నడపగలదు, కానీ కార్డు తయారు చేసినవాడు ఎన్నింటికి అవకాశం ఇచ్చాడన్నది మళ్లీ వేరే సంగతి. మరి మూడు రకాల పోర్టులు ఎందుకు పెడతారంటే, మీ దగ్గర ఏ మానిటరున్నా ఏదో ఒకటి సరిపోవాలని. పెట్టె పక్కన చిన్న అక్షరాల్లో మాక్సిమమ్ డిస్‌ప్లేస్ అని ఒక అంకె ఉంటుంది. చూడాల్సింది దాన్ని. నా పెట్టె మీద కూడా ఉంది, 2 అని.

మదర్‌బోర్డుకీ ఇదే లెక్క. ఆరో తరం ఐ3 లోపలి గ్రాఫిక్స్ మూడు తెరలు నడపగలదు, కానీ హెచ్110 చిప్‌సెట్ రెండింటికే గేటు తీస్తుంది. చవక బోర్డులో మిగిల్చిన డబ్బులు ఇలాంటి చోట తేలతాయి.

అతను తర్వాత అడిగిన ప్రశ్న విచిత్రంగా అనిపించింది. "ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉందా?" లేదన్నాను. "అయితే డబ్బులు వేస్ట్ కాలేదు. కార్డు మీద రెండు పెట్టండి, మూడోది బోర్డుకే పెట్టండి. బోర్డు వీడియో నిద్రపోతోంది, లేపాలి."

కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ కీ టకటకా కొడితే బయోస్, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర, తెరుచుకుంది. నా బోర్డులో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, సిస్టమ్ ఏజెంట్ కాన్ఫిగరేషన్, దాంట్లో గ్రాఫిక్స్ కాన్ఫిగరేషన్, దాంట్లో ఐజీపీయూ మల్టీ మానిటర్. ఐజీపీయూ అంటే ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్సే. డిసేబుల్డ్ అని ఉంది. ఎనేబుల్డ్ చేసి ఎఫ్10 కొట్టాను. ఒక్కో కంపెనీ బోర్డులో ఇది ఒక్కో పేరుతో ఉంటుంది, ఐజీడీ మల్టీ మానిటర్ అనో, ఇంటర్నల్ గ్రాఫిక్స్ అనో. దాని దగ్గరే ప్రైమరీ డిస్‌ప్లే ఏదని కూడా అడుగుతుంది. దాన్ని నేను కదిలించలేదు, కార్డు మీదే ఉంచాను. లేకపోతే ఆన్ చేసినప్పుడు మొదటి తెర ఎక్కడ వస్తుందో వెతుక్కోవాలి.

పాత మానిటర్‌ను బోర్డు వీజీఏకి, 22 అంగుళాలదాన్ని కార్డు హెచ్‌డీఎంఐకి, ఆఫీసుదాన్ని కార్డు వీజీఏకి పెట్టాను. ఒక్క కన్వర్టర్ కూడా అక్కర్లేకుండా పోయింది! విండోస్ వచ్చాక ఇంటెల్ డ్రైవర్ దానంతటదే ఎక్కింది, తెరలు రెండుసార్లు నల్లబడి తెల్లబడ్డాయి. మూడూ వెలిగాయి. అప్పటికి తారీకు 23. ఆ నెల 3బీలు మాత్రం రెండు మానిటర్లతోనే, 20 రాత్రి పదకొండున్నరకి పూర్తి చేశాను.

వెలిగాక కూడా ఒక పూట అమరికకే పోయింది. విండోస్ ఇచ్చే 1, 2, 3 నంబర్లకీ టేబుల్ మీద వరసకీ సంబంధం ఉండదు. ఐడెంటిఫై నొక్కితే ఏ తెర ఏ నంబరో పెద్దగా చూపిస్తుంది. ఆ నంబర్లతో పోట్లాడకుండా, డబ్బాలను మౌస్‌తో లాగి టేబుల్ మీద ఉన్నట్టే పెట్టుకోవాలి. నా మూడూ మూడు సైజులు: 1366 బై 768, 1920 బై 1080, 1680 బై 1050. డబ్బాల పైఅంచులు కలిపితే కింది మూల దగ్గర మౌస్ గోడకు తగిలినట్టు ఆగిపోయేది. కిందంచులు కలిపాక ఆ బాధ తగ్గింది. విండోను పక్క తెరకు పంపడానికి విండోస్ కీ, షిఫ్ట్, బాణం కీ కలిపి నొక్కడం ఒక్కటి నేర్చుకుంటే మౌస్‌తో లాగే పని సగం పోతుంది. వీజీఏ మీద ఉన్న ఆఫీసు మానిటర్‌లో అక్షరాలు మొదట సన్నగా వణికాయి. మానిటర్ మీదున్న ఆటో బటన్ నొక్కి, వీజీఏ వైరును కరెంటు వైరుకు దూరంగా జరిపితే నిలబడ్డాయి.

2024లో ఆఫీసులో ఒక కుర్రాడు చేరాడు. అతనికి కూడా మూడు కావాలన్నాడు. ఈసారి నాకన్నీ తెలుసనుకున్నాను. అతని సిస్టమ్ ఐ3 10105ఎఫ్. ఆ ఎఫ్ చూసేసరికి రెండేళ్ల కిందటి ఫోన్ కాల్ గుర్తొచ్చింది. ఎఫ్ ఉన్న ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు. బోర్డు వెనకాల హెచ్‌డీఎంఐ, వీజీఏ కనపడతాయి, కానీ అవి ఉత్త అలంకారం. బయోస్‌లో లేపుదామంటే లోపల ఎవరూ లేరు. మూడూ కార్డు మీదే నడవాలి.

ఇంకో పని మీద వెళ్తూ సికింద్రాబాద్‌లో దిగి పార్క్‌లేన్ సీటీసీకి వెళ్లాను. కంప్యూటర్ సామాను అక్కడ దొరకకపోతే ఇంకెక్కడా దొరకదని మనవాళ్ల నమ్మకం. మొదటి రెండు షాపుల్లో జీటీ 1030 చూపించారు. ఈసారి పోర్టుల జోలికి పోకుండా, ఒకేసారి ఎన్ని తెరలు అని అడిగాను. రెండు. దానికి ఉన్న పోర్టులే రెండు. నా 610 కంటే ఎంతో చురుకైంది, కానీ నాకు కావాల్సింది చురుకు కాదు.

మూడో షాపులో పెద్దాయన అడిగాడు, "గేములా అమ్మా, లెక్కలా?" లెక్కలన్నాను. సెకండ్ హ్యాండ్ సామాను పెట్టెలోంచి అరచేతంత కార్డు ఒకటి తీశాడు. ఎన్విడియా క్వాడ్రో పీ400. ఇది 2017లో ఆఫీసు కంప్యూటర్ల కోసం వచ్చింది. 30 వాట్లు, 2 జీబీ, మూడు మినీ డిస్‌ప్లేపోర్టులు. మూడూ ఒకేసారి పనిచేస్తాయి. నమ్మలేదు. అక్కడే మూడు మానిటర్లకు పెట్టి చూపించమన్నాను. ఏమీ అనుకోకుండా చూపించాడు. 3,800.

గేములవాళ్లు దీన్ని కన్నెత్తి చూడరు కాబట్టి ధర పెరగదన్నాడు. ఆఫీసులు సిస్టమ్‌లు మార్చినప్పుడల్లా ఇలాంటివి బజారుకి వస్తుంటాయట. నాలుగు తెరలు కావాలంటే పీ620 ఉంది, దానికి నాలుగు మినీ డిస్‌ప్లేపోర్టులు. పక్కనే ఒక పాత రేడియాన్ కార్డు చూపించి, దీనికి దూరంగా ఉండమన్నాడు. ఆ తరం రేడియాన్లలో హెచ్‌డీఎంఐ, డీవీఐ, వీజీఏ మీద కలిపి రెండే నడుస్తాయి, మూడోది డిస్‌ప్లేపోర్ట్ నుంచే రావాలి. ఆ మానిటర్‌కి డిస్‌ప్లేపోర్ట్ లేకపోతే మామూలు కన్వర్టర్ కుదరదు, లోపల చిప్పున్న యాక్టివ్ కన్వర్టరే కావాలి. హెచ్‌డీఎంఐ, డీవీఐల మీద ఒక్కో మానిటర్‌కి చిప్ నుంచి వేరే క్లాక్ సిగ్నల్, అంటే బొమ్మ వేగాన్ని నడిపే సిగ్నల్ అందాలి, ఆ కార్డుల్లో అవి రెండే. డిస్‌ప్లేపోర్ట్‌కి ఆ గొడవ లేదు. ఈ ముక్క నాకెవరూ అంతకుముందు చెప్పలేదు.

డబ్బులిచ్చి బయల్దేరబోతుంటే పెద్దాయనే ఆపాడు. "క్యాబినెట్ సన్నదా, పెద్దదా?" మామూలు పెద్దదే. కార్డుకి ఉన్న రేకు పట్టీ సన్న క్యాబినెట్‌ది, సగం ఎత్తు. అలా తెచ్చుంటే స్క్రూ బిగించడానికి చోటుండేది కాదు, కేబుల్ లాగినప్పుడల్లా కార్డు కదిలేది. డ్రాయర్‌లో వెతికి పూర్తి ఎత్తు పట్టీ తీసి, రెండు స్క్రూలు మార్చి ఇచ్చాడు. దానికి డబ్బు తీసుకోలేదు. కేబుళ్లు మాత్రం సరిగ్గా లెక్కేసి కొన్నాను: మినీ డిస్‌ప్లేపోర్ట్ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి రెండు, హెచ్‌డీఎంఐకి ఒకటి. బాణం ఎటుందో అక్కడే చూసుకున్నాను.

కుర్రాడి టేబుల్ మీద గంటలో పని అయిపోయింది. ఆఫీసు మానిటర్లే ఇంకో రెండు తెచ్చాను, డిస్‌ప్లేపోర్ట్ మీద అక్షరం రాయిలా నిలబడింది. నా దానికంటే బాగుంది, కొంచెం కుళ్లుకున్నాను కూడా.

మొన్న 19వ తారీకున అతను తల గోక్కుంటూ వచ్చి, "మేడమ్, వాట్సాప్‌కి ఇంకో చిన్నది ఉంటే బాగుండేది" అన్నాడు. నీ కార్డు మూడింటికే, నీ ప్రాసెసర్ చివర ఎఫ్ ఉంది, కుదరదని చెప్పి పంపాను. నా బోర్డు హెచ్‌డీఎంఐ మాత్రం మూడూ వెలిగిన రోజు నుంచీ ఖాళీగానే ఉంది. కార్డు మీద రెండు, బోర్డు మీద రెండు, అంటే నాకు నాలుగోది వస్తుంది. ఆ సంగతి అతనికి చెప్పలేదు.